పాముకి భిక్ష అయిందా?

నేను ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని ఒక్కటే. మేత వెయ్యడం, రెండు గంటలాగి తిన్నాయో లేదో చూడటం. కృత్తివెన్ను దగ్గర మాకు మూడు రొయ్యల చెరువులున్నాయి. ఇల్లు బందరులో. కరెంటు, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు, మనుషుల సంగతి మా ఆయన చూసుకుంటారు. మేత సంగతి మాత్రం నాది. వల బిగించిన పళ్ళెం లాంటి చెక్ ట్రేని తాడుతో చెరువు అడుగుకి దింపి, వేసే మేతలో కాస్త అందులోనూ వేస్తాం. తర్వాత పైకి లాగితే అది ఖాళీగా రావాలి. మేత మిగిలి వచ్చిందంటే ఆ పూట నాకు అన్నం సయించదు. ఒకసారి అలా మిగిలితే, మబ్బు పట్టింది కదా, అందుకే తినలేదులే అని ఊరుకున్నాను. మూడో రోజు పొద్దున్నకి గట్టు వెంబడి రొయ్యలు ఎర్రబడి చచ్చి తేలాయి. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఊరుకోలేదు.

అలాంటి నా చేతికి మా తమ్ముడు తన పాముని అప్పగించాడు.

వాడు నాకంటే పదకొండేళ్ళు చిన్న. గుడివాడలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో పని చేస్తాడు. మేడ మీద రెండు గదుల వాటా, ఒక బండి, ఒక పాము, అంతే వాడి సంసారం. పామంటే మన పొలాల్లో తిరిగే పాము కాదు. మన పాముల్ని ఇంట్లో పెంచితే జైల్లో పెడతారు. ఇది ఆఫ్రికా జాతి, బాల్ పైథాన్ అంటారు, కొండచిలువల్లో పొట్టిది. విషం లేదు. ఎక్కడ కొన్నాడో, ఎప్పుడు కొన్నాడో ప్రభుత్వానికి రాసిచ్చి తెచ్చుకున్న కాగితం వాడి బీరువాలో నా పెళ్ళి ఫోటో కంటే భద్రంగా ఉంటుంది. పెన్సిలంత ఉన్నప్పుడు తెచ్చి తొమ్మిదేళ్ళు పెంచాడు. ఇప్పుడు నాలుగడుగులుంటుంది. దాని మూలంగా రెండు సంబంధాలు తప్పిపోయాయి. రెండో సంబంధం తెచ్చింది నేనే. పాముని ఎవరికైనా ఇచ్చెయ్యరా అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వాడు కోప్పడలేదు, నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూశాక, ఇక ఈ విషయం ఎత్తకూడదని నాకే అనిపించింది.

ఆ ఏడు కార్తీకంలో వాడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్ష. గురుస్వామి ఇంట్లో మకాం, నేల మీద పడక, మాంసం మాట కూడా వినకూడదు. పాము తినేదేమో ఎలుకల్ని. మెళ్ళో మాల వేసుకుని పట్టకారుతో ఎలుకని ఎలా పట్టుకుంటాడు? అందుకని దీపావళి వెళ్ళిన మర్నాడు కారు మాట్లాడుకుని బందరు వచ్చాడు. వెనక సీట్లో మూతకి కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ టబ్బు, అందులో పాము. పక్కన ఐసు డబ్బాలో గడ్డకట్టిన తెల్ల ఎలుకలు పన్నెండు.

చెరువుల మందులు పెట్టుకునే వెనక గదిలో టబ్బు పెట్టాం. అక్కడ పాత ఫ్రిజ్జు కూడా ఉంది కాబట్టి ఎలుకలకీ చోటు దొరికింది. వెచ్చదనానికి టబ్బు కింద హీటింగ్ మ్యాట్ పరిచాడు, దాక్కోవడానికి లోపల పక్క పగలగొట్టిన మట్టికుండ బోర్లించాడు. మూత మీద టేపు అంటించి పాము బరువు రాశాడు, పద్నాలుగు వందల ఎనభై గ్రాములు. ఇవన్నీ చేస్తూ ఏదో చెబుతూనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే చెరువు దగ్గర నుంచి ఫోనొచ్చింది. నేను ఫోను మాట్లాడుతూ వాడికి తలూపాను.

వెళ్ళేముందు మూత మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. “జాగ్రత్తక్కా,” అన్నాడు. నా దగ్గరుండగా దీనికేదన్నా అయితే వీడికి నా మొహం ఎలా చూపించాలి అన్న భయం నాకు అప్పుడే పట్టుకుంది.

మూడో రోజు నాగుల చవితి. పక్కింటావిడ చెంబుతో పాలు, ఆకులో చలిమిడి, పసుపు కుంకుమ పట్టుకుని తలంటుకున్న జుట్టుతో వచ్చేసింది.

“పుట్ట దాకా వెళ్ళే పనేముందండీ, మీ ఇంటికే వచ్చాడుగా,” అంది.

“ఇది పాలు తాగదండీ. ఎలకల్ని తింటుంది,” అన్నాను.

“తాగకపోతే పోనివ్వండి. చూపించి తీసుకెళ్తాను.”

నా నోరు మంచిది కాదు. ఇది ఆఫ్రికా పాము, దీనికి మన పండగలు తెలియవు, ముందు ఆ చెంబు తీసుకెళ్ళండి అనేశాను. ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు.

తమ్ముడు చెప్పిన ప్రకారం ఆ సాయంత్రమే మొదటి మేత. ఎలుకని వేడినీళ్ళలో కరిగించి, వెచ్చబెట్టి, పొడుగాటి పట్టకారుతో కుండ ముందు ఆడించాను. లోపల్నుంచి తల బయటికొచ్చింది. చిన్న తల, లోపల ఎవరో ఆలోచిస్తున్నట్టున్న కళ్ళు. నాలుక రెండుసార్లు ఆడించి, ఎలుకని చూసి, తల లోపలికి తీసుకుంది. నేను ఎలుకని అక్కడే పెట్టి, అలవాటు ప్రకారం రెండు గంటలాగి వెళ్ళి చూశాను. పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఆ రాత్రి నేనూ అన్నం తినలేదు. ఆ పాముని నేను అప్పటికి ‘అది’ అనే అనుకుంటున్నాను. కానీ మేత మిగిల్చిన ఏ ప్రాణి అయినా నాకు ఒకటే.

మర్నాడు మధ్యాహ్నం వాడు ఫోన్ చేశాడు. మాలలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు, ‘రా’ అనకూడదు. ముక్కు తుడిచి పెంచిన వాణ్ణి స్వామీ అనాలి. వాడు నన్ను అక్కా అనకుండా మాతా అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నల్లబట్టల్లో, పదిమంది స్వాముల మధ్య కూర్చుని ఎలుక తిన్నాడా అని అడగలేక, వాడు కాసేపు తడుముకున్నాడు. మాలలో మధ్యాహ్నం భోజనాన్ని భిక్ష అంటారు. వాడు గొంతు తగ్గించి అడిగాడు.

“మాతా, వాడికి... భిక్ష అయిందా?”

వాడి గొంతులో ఆత్రం వినిపించింది. కాలేదంటే వీడు ఇంకేం దీక్ష చేస్తాడు, పూజలో కూర్చున్నా మనసంతా టబ్బు మీదే ఉంటుంది కదా అనుకున్నాను. రేపో మాపో తినిపించకపోతానా అన్న ధీమా కూడా ఉంది.

“అయింది స్వామీ,” అని ఫోన్ పెట్టేశాను.

మాల వేసుకున్నవాడితో అబద్ధమాడానని మా ఆయన గుర్తు చేశారు. చెంపలు వేసుకుని నా పనిలో నేను పడ్డాను.

రొయ్య మేత మీదకి రాకపోతే మేం చేసే పనులు కొన్ని ఉంటాయి. ఆ పనులన్నీ ఆ పాము మీద చేశాను. మేతకి వాసన సరిపోలేదేమోనని, రొయ్య మేతకి పట్టించే చేపనూనె ఎలుకకి పట్టించాను. వెనక గదే కాదు, ఇల్లంతా హార్బరు వాసన కొట్టింది. పాము కుండలోంచి తల కూడా బయట పెట్టలేదు. నీళ్ళు మార్చాను, రోజుకి రెండుసార్లు. వేళ మార్చి పొద్దున్నొకసారి, మధ్యాహ్నమొకసారి, సాయంత్రమొకసారి పెట్టి చూశాను. పెద్ద ఎలుక నచ్చలేదేమోనని చిన్నది, చిన్నది నచ్చలేదేమోనని పెద్దది. టబ్బు చుట్టూ దుప్పటి కప్పాను. మరీ ఉక్కపోస్తుందేమోనని తీసేశాను. కుండ జరిపాను. గంటకోసారి మూత తీసి చూశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ప్రాణిని నేను ఒక్క పూట కూడా దాని మానాన దాన్ని ఉండనివ్వలేదు.

వారానికోసారి ఫోన్. “భిక్ష అయిందా మాతా?” “అయింది స్వామీ.” మూడోసారికి నాకు మాట తడబడటం కూడా మానేసింది. ఫ్రిజ్జులో ఎలుకలు మాత్రం తరుగుతున్నాయి. కరిగించినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకూడదు కాబట్టి తిననివన్నీ పెరట్లో గొయ్యి తీసి పాతిపెడుతున్నాను.

పక్కింటావిడకి సంగతి తెలిసింది. అలక మాని గేటు దగ్గర నిలబడి, “చూశారా, మీ తమ్ముడు మాంసం మానేశాడని అదీ మానేసింది. అదీ దీక్షలోనే ఉందండీ,” అంది. పైకి విసుక్కున్నాను. ఆ వేళ టబ్బు దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం ఎప్పటికంటే నెమ్మదిగా మూత తీశాను.

మార్గశిరం వచ్చింది. ఫోన్లో వీడియోలు చూసి, తినని పాముకి నోరు తెరిచి మేత పెడతారని తెలుసుకున్నాను. నోరు తెరిపించి తినిపించడం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా తమ్ముడికి ఎన్నోసార్లు ముక్కు మూసి ముద్ద పెట్టాను. మా ఆయన్ని ఒళ్ళు పట్టుకోమని చెప్పి, నేను తల పట్టుకుందామని చెయ్యి చాపాను. పాము బుస కొట్టలేదు, కరవలేదు. మా ఆయన చేతుల్లోనే మెల్లగా చుట్టలు చుట్టుకుంది. చుట్ట మీద చుట్ట, చుట్ట మీద చుట్ట. మేం చూస్తుండగానే గుండ్రంగా కొబ్బరికాయంత ముద్దయిపోయింది. తల ఎక్కడో లోపలికి వెళ్ళిపోయింది. ఎటు తిప్పినా ఒళ్ళే తప్ప మొహం లేదు.

“ఇంక వదిలెయ్యవే,” అన్నారు మా ఆయన.

ఆ ముద్దని నా ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. చల్లగా, బరువుగా ఉంది. ఊపిరి తీస్తున్నప్పుడు చీర మీద చిన్నగా తెలుస్తోంది. నా జీవితంలో నేను తిండి పెడతానంటే ఇంత శాంతంగా వద్దన్నవాళ్ళు లేరు. భయమూ సిగ్గూ ఒకేసారి వచ్చి ఏడ్చాను. అరగంట తర్వాత చుట్టల మధ్యలోంచి ముక్కు కొస బయటికొచ్చి, గాలి చూసి, మళ్ళీ లోపలికెళ్ళింది.

ఆ వారమే దివిసీమలో ఒకాయన గురించి విన్నాం. కరెంటు లైన్‌మ్యాన్‌గా చేస్తాడు, ఇళ్ళలోకొచ్చిన పాముల్ని పట్టి దూరంగా వదిలేస్తాడు. పాముకాటు భయం ఎక్కువుండే ఊళ్ళు అవి. టబ్బు కార్లో పెట్టుకుని, పాలకాయతిప్పకి వెళ్ళే దారిలో ఆయన ఊరు వెతుక్కుంటూ వెళ్ళాం. ఆయన లుంగీ కట్టుకుని బయటికొచ్చి, పాముని చేతుల మీదుగా పోనిచ్చి, కళ్ళు చూశాడు, నోటి అంచు చూశాడు, తోక దాకా వేళ్ళతో తడిమాడు.

“ఇది మన దేశంది కాదమ్మా. నాకు తెలిసింది నాగుబాము, కట్లపాము, రక్తపింజర, జెర్రిపోతు,” అన్నాడు. “తూకం చూశారా?”

మేం వారం వారం చెరువులో విసురువల వేసి, కొన్ని రొయ్యల్ని పట్టి తూకం చూస్తాం. ట్రేలో మేత ఎంత మిగిలినా, చివరికి నమ్మేది ఆ తూకాన్నే. ఇరవై రెండేళ్ళ నుంచి చేస్తున్నదాన్ని, ఈ పాము విషయంలో ఎలుక మిగిలిందా లేదా అన్నదే చూశాను. పాముని ఒక్కసారీ తూచలేదు. మూత మీద వాడు బరువు ఎందుకు రాశాడో కూడా ఆలోచించలేదు.

ఆయన ఎదురింటి కొట్లోంచి కాటా తెప్పించాడు. పాముని గిన్నెలో పెట్టి తూచాం. పద్నాలుగు వందల యాభై ఐదు.

మళ్ళీ తూచమన్నాను. మళ్ళీ అంతే. ముప్ఫై ఐదు రోజులుగా నోట్లోకి ఏమీ పోలేదు, తగ్గింది ఇరవై ఐదు గ్రాములు. రొయ్య రెండు రోజులు తినకపోతే డీలా పడిపోతుంది, పక్కదాన్ని పీక్కు తింటుంది. నేను ఒక పూట ఉపవాసముంటే మధ్యాహ్నానికి ఇంట్లో అందరి మీదా అరుస్తాను. ఇది నెల పైగా చీకట్లో కూర్చుని, ఒక గుప్పెడు శనగల బరువు మాత్రం ఖర్చుపెట్టుకుంది. నేను కాటా మీది అంకెల్ని చూస్తూ అలాగే నిలబడిపోయాను.

“తూకం బాగా పడిపోతేనో, నోట్లోంచి చొంగ తీగలు సాగుతుంటేనో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి,” అన్నాడాయన. “ఇలా ఉన్నంతవరకు ఏం భయం లేదనిపిస్తంది. తిన్నది అరగాలంటే వేడి కావాలి కదండీ. చలిరోజులని వాడికి తెలుసు.”

వాడు అన్నాడాయన. అప్పటి నుంచి నాకూ ‘వాడు’ అయిపోయాడు.

బయల్దేరేముందు ఆయన వెనక పొలం గట్టు మీదకి తీసుకెళ్ళాడు. కోతలైపోయాయి, వరి మోళ్ళ మధ్య మినుము రెండాకులేసింది. గట్టు పొడుగునా ఎలుక బొరియలు, పీతల బొరియలు. “వానాకాలం ఈ గట్టు మీద లైటు లేకుండా నడవలేమమ్మా. ఇప్పుడు చూడండి, ఒక్కటీ కనబడదు. చాలామటుకు ఈ లోపలే ఉంటాయి, ఎండ ఎక్కితే కాసేపు బయటికొస్తాయి, అంతే,” అన్నాడు. నేను కాళ్ళ కిందికి చూశాను. ఎన్ని గట్లు, ఎన్ని ఊళ్ళు, ఎన్ని బొరియలు. వాటిలో నోళ్ళు మూసుకుని ఎన్ని ప్రాణులు. వాటికి మేత వేసేవాళ్ళు లేరు, ట్రే ఎత్తి చూసేవాళ్ళు లేరు, తినలేదేమని ఏడ్చేవాళ్ళు లేరు. ఎండ ముదిరే రోజు వాటికెలాగో తెలుస్తుంది. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా నా మనసు చెరువుల మీదే ఉంటుంది. ఆ గట్టు మీద మాత్రం కాసేపు నాకు చెరువులు గుర్తు రాలేదు.

ఇంటికొచ్చాక హీటింగ్ మ్యాట్ తమ్ముడు పెట్టినట్టే పెట్టి, కుండ వాడు పెట్టిన మూలలోనే పెట్టి, మూత వేసేశాను. కానీ ఆ వారం ఫోనొచ్చినప్పుడు నిజం చెప్పలేకపోయాను. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పానని ఏ నోటితో చెప్పను? కొండకి బయల్దేరే ముందు చివరిసారి అడిగాడు. “అయింది స్వామీ,” అన్నాను.

జనవరి మొదటి వారంలో వాడు శబరిమల నుంచి వచ్చి, మాల తీసి, తిన్నగా బందరు బస్సెక్కాడు. గడ్డం తీసేసిన మొహం, బాగా చిక్కిపోయాడు. ప్రసాదం డబ్బా నా చేతికిచ్చి వెనక గదిలోకి వెళ్ళాడు. పాముని ఎత్తి రెండు చేతుల మీదా పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

“తినలేదు కదక్కా,” అన్నాడు.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

“ఏటా ఇంతే. కార్తీకంలో మానేస్తాడు, ఎండలు మొదలయ్యాక తింటాడు. తినకపోతే వదిలెయ్, బరువు చూస్తూ ఉండు అని వచ్చిన రోజే చెప్పాను. నువ్వు ఫోన్లో ఉన్నావు.”

“మరి నేను తిన్నాడంటే ఎందుకూరుకున్నావురా?” అన్నాను. తప్పు నాదైనప్పుడు కూడా ముందు నేనే అరుస్తాను.

వాడు పాముని కుండ దగ్గర వదిలి, మూత వేసి, అప్పుడు మాట్లాడాడు.

“భిక్ష అయింది అన్నావు చూడు, మొదటిసారి సంతోషించాను. రెండోసారి భయమేసింది. ఈ చలిలో వాడు తినడు. నిజంగా తిన్నాడంటే నువ్వు నోరు తెరిచి కుక్కావన్నమాట. అరక్క లోపలే కుళ్ళితే చచ్చిపోతాడు. లేకపోతే నువ్వు అబద్ధం చెబుతున్నావు. అబద్ధమే అయ్యుండాలని రోజూ దణ్ణం పెట్టుకున్నానక్కా. పీఠం ముందు కూర్చుని, మా అక్క నాతో అబద్ధం చెబుతుండాలి స్వామీ అని.”

దీక్షలో మనశ్శాంతిగా ఉంటాడనుకుని చెప్పిన అబద్ధంతో నెల రోజులు వాణ్ణి నిద్రపోనివ్వలేదు. నోరు తెరవబోయామని కూడా చెప్పేశాను, పాము ముద్దయిపోయిందని చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు.

టబ్బు తీసుకెళ్దామనే వచ్చాడు. నేనే అడిగాను, తినేదాకా ఇక్కడే ఉంచరా, మళ్ళీ కదిపితే బెదురుతాడేమో అని. అది సగం నిజం. మిగతా సగం, ఇలాగే పట్టుకుపోతే ఇంకెప్పుడూ నా చేతిలో ఏదీ పెట్టడని. వాడు టబ్బు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ చూపులో కొలత ఉంది. నా తమ్ముడు నన్ను అలా కొలవడం నేనెప్పుడూ చూడలేదు.

“ఏం చెయ్యకుండా ఉండగలవా?” అన్నాడు.

“ఉంటాను.”

“పదిహేను రోజులకోసారి పెట్టు. పది నిమిషాలు చూడు. తినకపోతే తీసెయ్. ఆదివారం తూచి నాకు చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

ఏం చెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆదివారాలు తూచాను. “తినలేదు, పద్నాలుగు నలభై ఎనిమిది.” “తినలేదు, పద్నాలుగు నలభై.” వాడు “సరే” అని పెట్టేసేవాడు. అంతకుమించి మాటలు ఉండేవి కావు మా మధ్య. అంతకుముందు గంటలు గంటలు వాగేవాళ్ళం.

మాఘంలో పాము కళ్ళు పాలిపోయి నీలంగా మబ్బేశాయి. నాకు గుండె ఆగినంత పనైంది, అయినా చెయ్యి పెట్టలేదు. వారం తర్వాత పొద్దున్నే మూత తీస్తే, కుండ పక్కన పల్చని కుబుసం. ముక్కు నుంచి తోక దాకా ఎక్కడా చిరగలేదు, కళ్ళ మీది పొరలు కూడా అందులోనే ఉన్నాయి. పక్కన వాడు, గోధుమ రంగు మచ్చలు తడిసినట్టు మెరుస్తున్నాయి. మూడు నెలలకు పైగా ఏమీ తినలేదు. అయినా ఒళ్ళంతా కొత్త చర్మం ఎక్కడి నుంచి తెచ్చాడు? ఏది కరిగించి ఏది కట్టాడు? మేం ఒక కిలో రొయ్య పెంచడానికి కిలోకి మించి మేత పోస్తాం. నేను ఆ కుబుసాన్ని ముట్టుకోలేదు. అక్కడే కూర్చుని, చెరువుకి వెళ్ళాల్సిన వేళ దాటిపోయేదాకా చూశాను. పక్కింటావిడ్ని నేనే పిలిచి చూపించాను. ఆవిడ చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది. ఆ పూట నేనేమీ అనలేదు.

ఫాల్గుణం సగం దాటింది. మధ్యాహ్నాలు చెరువు గట్టు మీద నిలబడలేకపోతున్నాం. ఒక సాయంత్రం, పదిహేనో రోజు లెక్క ప్రకారం, ఎలుకని వెచ్చబెట్టి పట్టకారుతో చూపించాను. తింటాడన్న ఆశ నాకు లేదు. పది నిమిషాలు చూసి తీసేద్దామని గోడ గడియారం చూసుకున్నాను.

తిన్నాడు.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు గుడివాడలో కూరలు కొనుక్కుంటున్నాడేమో, వెనక బజారు గోల వినిపిస్తోంది. “తిన్నాడ్రా,” అన్నాను. అటువైపు మాట లేదు. బజారు చప్పుడే వస్తోంది. నమ్మలేదని నాకు అర్థమైంది. ఎలా నమ్ముతాడు? ఆ మాటని నేనే పాడు చేసుకున్నాను. ఏం చెబితే నమ్ముతాడో తోచలేదు. అందుకని చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టాను.

ముందు తల రాలేదురా, నాలుక ఒక్కటే వచ్చింది, ఇదివరకట్లా రెండుసార్లు ఆడించి పోలేదు, అలాగే ఆడుతూ ఉంది. తర్వాత తల వచ్చింది, కానీ వచ్చినట్టు తెలియలేదు, గడియారం ముల్లు కదిలినంత నెమ్మది. మెడ వెనక్కి వంగింది. నేను ఊపిరి బిగబట్టాను. ఎప్పుడు దూకాడో చూళ్ళేదు, పట్టకారు నా చేతిలో ఒక్క కుదుపు కుదిపింది, చూస్తే ఎలుక నా దగ్గర లేదు. రెండు చుట్టలు వేసి బిగించేశాడు. అది ఎప్పుడో చచ్చిన ఎలుక, వాడికి ఆ సంగతి చెప్పేవాళ్ళెవరు? చాలాసేపు అలాగే పట్టుకుని ఉన్నాడు. తర్వాత వదులు చేసి, ముక్కుతో దాని ఒళ్ళంతా వెతికాడురా, తల ఎటుందో అని, చంటిపిల్లాడు పాలకి తడుముకున్నట్టు. దొరికాక దవడ ఇటు కొంచెం, అటు కొంచెం. అంత చిన్న నోరు, ఎక్కడికి సాగిందో నాకు తెలియదు. చివరికి తోక ఒక్కటే బయట మిగిలింది, దాన్నీ లాక్కున్నాడు. అయ్యాక రెండుసార్లు ఆవులించాడు. ఆవులిస్తే నోరంతా గులాబీ రంగురా లోపల. ఇన్నాళ్ళు అది మూసుకునే ఉన్నాడు.

కళ్ళు తుడుచుకుని, ఉన్నావా అన్నాను.

“ఉన్నానక్కా,” అన్నాడు. బజారు చప్పుడు ఆగిపోయింది, ఎక్కడో పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. “మాలలో ఉన్నప్పుడు ‘అయింది స్వామీ’ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసేదానివి. ఇవాళ పావుగంట నుంచి చెబుతున్నావు.”

నేను టబ్బు పక్కనే నేల మీద కూర్చున్నాను.

“ఇంకా చెప్పక్కా,” అన్నాడు.